తిరువయ్యారు ఆరాధన: పాటకు తిథి ఉంది, తోలుకు లేదు

ఏటా పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో కావేరి ఒడ్డున వందలమంది విద్వాంసులు బారులు తీరి కూర్చుంటారు. త్యాగరాజు పంచరత్న కీర్తనలు అయిదూ గొంతు కలిపి పాడతారు. ఊరు తమిళనాడుది, కీర్తనల్లో ఎక్కువ భాగం తెలుగువి. ఆ తిథికి అటూ ఇటూగా మన విజయవాడలో, హైదరాబాదులో కూడా సభలు జరుగుతాయి. రేడియోలో వింటాం, టీవీలో చూస్తాం. చూసేవాళ్లకి ఇదంతా త్యాగరాజు కన్నుమూసిన 1847 నుంచీ ఇలాగే జరుగుతోందనిపిస్తుంది. అలా జరగలేదు. ఈ వర్ధంతిని ఎవరో కట్టారు, ఎవరో అడ్డుకున్నారు, ఎవరో కొట్లాడి లోపలికొచ్చారు. కొందరు ఇప్పటికీ బయటే ఉన్నారు. ఆ బయట ఉన్నవాళ్ల వైపు నుంచి ఆరాధన చరిత్రను చూడడమే ఈ వ్యాసం పని.

త్యాగరాజు 1767లో తిరువారూరులో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. బతుకు చాలావరకు తిరువయ్యారులోనే గడిచింది. 1847 జనవరి 6న చనిపోయాడు. చనిపోయే కొద్దిరోజుల ముందు సన్యాసం పుచ్చుకున్నాడు. సన్యాసిని కాల్చరు, పూడుస్తారు. కావేరి ఒడ్డున ఆయనకు సమాధి ఏర్పడిందందుకే. ఆ సమాధిని యాభై ఏళ్లకు పైగా పట్టించుకున్నవాళ్లు లేరు. చుట్టూ తుప్పలు పెరిగాయి. 1903 ప్రాంతంలో, ఆయన దగ్గర నేర్చుకున్న ఉమయాళ్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ ముసలితనంలో వచ్చి దాన్ని బాగుచేయించారు. సమాధి దగ్గర ఏటేటా జరిగే ఉత్సవం ఆ తర్వాత మొదలైందే. అంటే మనం సనాతనమనుకుంటున్న ఈ ఆచారానికి నిండా నూటపాతికేళ్లు కూడా లేవు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 'ఆరాధన' అనే మాటకి పూజ అని ఒక అర్థం. సన్యాసి చనిపోయిన తిథికి చేసే కర్మని కూడా ఆరాధన అనే అంటారు. మామూలు మనిషికి తద్దినం ఎలాగో సన్యాసికి ఆరాధన అలాగ. తద్దినం ఇంటి కర్మ. దాన్ని ఎవరు పెట్టాలి, మంత్రం ఎవరు చెప్పాలి, ఎవరు భోక్తగా కూర్చోవాలి, ఎవరు గడప దాటకూడదు అన్నవన్నీ కులమే తేలుస్తుంది. ఇంటి కర్మ ఊరి ఉత్సవమైనప్పుడు ఆ కట్టుబాట్లన్నీ ఇంట్లోనే ఆగిపోవు, వేదిక మీదికి నడిచొస్తాయి. తిరువయ్యారులో జరిగింది అదే. సంగీత సభ పేరుతో జరిగేదానికి లోపల తద్దినం నియమాలున్నాయి. ఈ సంగతి పట్టుకుంటే తర్వాతి గొడవలన్నీ సులభంగా అర్థమౌతాయి.

కొద్ది ఏళ్లకే నిర్వాహకుల్లో చీలికలొచ్చాయి. 'పెరియ కట్చి', 'చిన్న కట్చి' అని రెండు వర్గాలయ్యాయి. అంటే పెద్ద పక్షం, చిన్న పక్షం. పోటీపడి వేరువేరుగా ఆరాధనలు చేశారు. ఎన్ని విషయాల్లో పోట్లాడుకున్నా ఒక విషయంలో మాత్రం రెండు పక్షాలూ ఒకటే: సమాధి ముందు ఆడది పాడడానికి వీల్లేదు.

సమాధికి గుడి కట్టించింది మాత్రం ఒక ఆడమనిషే. బెంగళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు రాజ్యంలో దేవదాసి కుటుంబంలో పుట్టింది. మద్రాసులో గాయనిగా పేరు, డబ్బు సంపాదించింది. తెలుగు చదువుకున్నవాళ్లకి ఆమె ఇంకోరకంగా కూడా తెలియాలి. తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనము'ను 1910లో పరిష్కరించి అచ్చువేయించింది ఈమే. అది బూతు పుస్తకమని సంస్కర్తలన్నారు, ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి 1947 దాకా పట్టింది. ఒక దేవదాసి రాసింది, ఇంకో దేవదాసి అచ్చువేసింది. పెద్దల సాహిత్యంలో అంతకన్నా పచ్చి శృంగారం ఉంది.

త్యాగరాజు సమాధి పాడుబడి ఉందని విని నాగరత్నమ్మ తిరువయ్యారు వెళ్లింది. నగలమ్మింది, ఆస్తులు ఖర్చుపెట్టింది. 1921లో పని మొదలై 1926 నాటికి గుడి లేచింది. గుడి కట్టించిన మనిషికే గుడి ముందు పాడే హక్కు లేదన్నారు. ఆమె డబ్బు పనికొచ్చింది, గొంతు పనికిరాలేదు. ఆమె ఊరుకోలేదు. 1927 నుంచి తోటి దేవదాసి గాయనులను కూడగట్టి, గుడి వెనకవైపున ఆడవాళ్ల ఆరాధన వేరుగా మొదలుపెట్టింది. మూడో పక్షం తయారైంది. చివరికి 1940-41లో మూడు వర్గాలూ కలిసి ఒకే సభగా ఏర్పడినప్పుడే ఆడవాళ్లకు ఆ వేదిక దక్కింది. ఇప్పుడు మనం చూస్తున్న పంచరత్నాల బృందగానం స్థిరపడింది కూడా ఈ కలయికతోనే. నాగరత్నమ్మ 1952లో చనిపోయింది. ఆమె సమాధి త్యాగరాజు సమాధికి ఎదురుగా ఉంది.

నాగరత్నమ్మ దళితురాలు కాదు. ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. అంబేద్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల వ్యవస్థలో ఆమె నిలబడ్డ మెట్టు వేరు, మన మెట్టు వేరు. అయినా ఆమె కథ మనకెందుకు కావాలంటే, ఆ వేదిక ఎవరి దయతోనూ తెరుచుకోలేదని అది రుజువు చేస్తుంది. పాట గొప్పతనం తలుపు తియ్యలేదు. కొట్లాట తీసింది. తీసినప్పుడు కూడా ఒక్కో మెట్టు వరకే తీసింది. 1946లో దండపాణి దేశికర్ అక్కడ తమిళ పాట పాడితే పెద్ద రభసయింది. తమిళగడ్డ మీద తమిళ పాటే అక్కడ పరాయిదైంది. ద్రావిడ ఉద్యమం ఆ అవమానాన్ని గుర్తుపెట్టుకుంది. గొంతుల సంగతి, భాష సంగతి ఇలా చర్చకొచ్చాయి. ఏ చర్చలోకీ రానివాడు ఒకడున్నాడు.

ఆ వేదిక మీద గాయకుడి పక్కన మృదంగం ఉంటుంది. మృదంగం ఎలా తయారౌతుంది? పనస మానును తొలిచి డొల్ల చేస్తారు. రెండు మూతలకూ తోళ్లు బిగిస్తారు. ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు మూడూ కావాలి. కుడిమూత మీద కనిపించే నల్లటి గుండ్రం రాతిపొడిని అన్నంతో కలిపి పొరమీద పొరగా రుద్ది రుద్ది పెట్టింది. ఆ పొర కాస్త మందమైనా, కాస్త పలచనైనా నాదం మారిపోతుంది. తోలు ఎంచేటప్పుడు వేలితో నొక్కి, వెలుతురుకి పట్టి చూసి, ఏ ముక్క ఎక్కడ పలుకుతుందో చెప్పగలగాలి. మూత బిగించాక చెవిపెట్టి శ్రుతికి తేవాలి. ఇదంతా చేసేవాడికి సంగీతం తెలియదని ఎవరనగలరు? తంజావూరు ప్రాంతంలో తరాలుగా ఈ పని చేస్తున్నవాళ్లలో దళిత క్రైస్తవ కుటుంబాలు ముఖ్యమైనవి. పాలఘాట్ మణి అయ్యర్ పేరు తెలియని సంగీతజ్ఞుడు ఉండడు. ఆయన మృదంగాలు చేసిన పర్లాందు పేరు ఎంతమందికి తెలుసు? మణి అయ్యర్ నాదం అని మనం మెచ్చుకునేదాంట్లో పర్లాందు చెయ్యి ఉంది.

ఈ కుటుంబాల చరిత్రను గాయకుడు టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకంగా రాశాడు. 2020లో దాని ఆవిష్కరణకి చెన్నైలోని కళాక్షేత్ర ముందు హాలు ఇస్తానని తర్వాత కుదరదంది. పుస్తకంలో రాజకీయం ఉందన్నది అభ్యంతరం. ఆవిష్కరణ వేరేచోట జరిగింది. ఆలోచించండి. ఆవు తోలు బిగించిన వాద్యం సన్నిధిలో మోగితే రాజకీయం కాదు. ఆ తోలు బిగించిన మనిషి పేరు చెబితే రాజకీయమైంది. తోలు శుద్ధి అయిపోతుంది, చెయ్యి మాత్రం శుద్ధి కాదు. అంటరానితనం వస్తువు మీద ఆగదు, మనిషి మీదే ఆగుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

తెలుగువాళ్లుగా మనకి ఈ కావేరి ఒడ్డుతో ఇంకో బంధం ఉంది. తమిళనాడులో, ముఖ్యంగా పడమటి జిల్లాల్లో, అరుంధతియర్ కుటుంబాలు చాలా ఇళ్లల్లో తెలుగే మాట్లాడతాయి. తోలుపని, పాకీపని వాళ్ల నెత్తినపడ్డ పనులు. తిరువయ్యారు తెలుగు సంగీతానికి దేవభాషైంది. చెప్పులు కుట్టేవాడి తెలుగు గూడెం దాటలేదు. ఈ రెండో తెలుగు గొంతును కావ్యంలోకి తెచ్చింది గుర్రం జాషువా. ఆయన 'గబ్బిలం' నాయకుడు అరుంధతీ సుతుడు. గుడిలోకి తనకి ప్రవేశం లేదు కాబట్టి, గుడిలో వేలాడే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు పంపుకుంటాడు. ఆ గబ్బిలం ప్రయాణం తంజావూరు సీమ నుంచి మొదలౌతుంది. కావ్యం వెలువడింది 1941లో. తిరువయ్యారులో మూడు పక్షాలు రాజీపడి ఒకే వేదిక ఎక్కిన కాలం అదే. ఆ వేదికకి కొత్తగా ఎవరెవరు వచ్చారో సంగీత చరిత్రకారులు రాశారు. ఎవరు రాలేదో జాషువా రాశాడు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి మన తెలుగు పాఠాల్లో ఎవరూ చెప్పలేదు.

'సంగీతానికి కులమేమిటండీ' అని అడిగేవాళ్లుంటారు. నిజమే, స్వరానికి కులం లేదు. త్యాగరాజు శిష్యుల్లో వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ నేతపని చేసే సౌరాష్ట్ర సముదాయంవాడు. ఆయన, ఆయన వారసులు రాసిపెట్టుకున్న ప్రతుల వల్లనే ఎన్నో కీర్తనలు మనదాకా వచ్చాయి. కాబట్టి త్యాగరాజు పాటను మనం ఎవరికో రాసిచ్చేయనక్కర్లేదు. నాకు ఆ పాటతో పేచీ లేదు. వర్ధంతి పేరుతో జ్ఞాపకాన్ని ఎవరు పంచుతున్నారు, ఎవరికి పంచుతున్నారు అన్నదే పేచీ. డిసెంబరు 6న దాదర్ చైత్యభూమికి వెళ్లినవాళ్లకి తేడా తెలుస్తుంది. అక్కడా లక్షలమంది వస్తారు. ఎవరు పాడాలో, ఎవరు పాడకూడదో చెప్పే పక్షం ఉండదు. వచ్చినవాళ్లు వరసలో నిలబడి దండం పెట్టుకుంటారు, పోతూపోతూ పుస్తకాలు కొనుక్కుపోతారు. వర్ధంతి అలా కూడా జరుపుకోవచ్చు.

మా తాత ఊరి చివర లందలో తోళ్లు ఊనేవాడు. తంగేడు చెక్క వాసన ఆయన ఒంటిని వదిలేది కాదు. డప్పు మూసి, మంటకు కాచి, చెవిదగ్గర పెట్టుకుని ఒక్క దెబ్బ కొట్టేవాడు. సరిగ్గా పలక్కపోతే విప్పి మళ్లీ మూసేవాడు. నేను యూనివర్సిటీకి వచ్చి శ్రుతి అనే మాటని పుస్తకంలో చదివినప్పుడు, ఇది మా తాతకి తెలుసుగదా అనుకున్నాను. ఆయనకి తెలిసినదానికి ఏ పుస్తకంలోనూ పేరు లేదు. ఆయన పోయిన తిథి మా ఇంట్లో కూడా ఎవరికీ గుర్తులేదు.

అందుకే రెండు పనులు ముందు పెడుతున్నాను. ఒకటి మన విద్యార్థులది. మృదంగం, డోలు, తబలా, డప్పు మూసే కుటుంబాల దగ్గరికి వెళ్లాలి. వాళ్ల మాటల్లోనే పని వివరాలు, పనిముట్ల పేర్లు, గురువుల పేర్లు రాసుకోవాలి. ముసలివాళ్లు పోకముందే రాసుకోవాలి. రెండోది ఆరాధన సభలవాళ్లది. ఆహ్వానపత్రం మీద గాత్రం ఎవరు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని వేస్తారు. దాని కింద మృదంగం చేసినవారు ఫలానా అని ఇంకో వరస వెయ్యాలి. వేదిక మీద ఆయనకి కుర్చీ వెయ్యాలి. ఖర్చు ఏమీ ఉండదు. ఆ వరస అచ్చయిన కాగితం దొరికిననాడు దాన్ని మా ఊరు పట్టుకెళ్లి, తాత డప్పు వేలాడుతున్న గోడకి నా చేత్తో నేనే అంటిస్తాను.