కాటన్ దొర: సైనికుడు, చివరికి రైతు

ముఐథర్ క్యాంపుల నుంచి ఊరికి వెళ్లిపోయే సోదరుల సెటిల్‌మెంటు కాగితాలు రాసేది మేమే. "ఊరెళ్లి ఏం చేస్తావన్నా?" అంటే, "ఈ వయసులో సేద్యం ఏం చేస్తాం తమ్ముడూ" అంటారు. అందుకే ఈ వారం కాటన్ దొర కథ.

1803లో ఇంగ్లండులో పుట్టిన ఆర్థర్ కాటన్ 1821లో ఉద్యోగానికి మద్రాసు వచ్చారు. 1824-26 బర్మా యుద్ధంలో సైనికుడిగా పనిచేశారు. తర్వాత కావేరి, ఆపైన గోదావరి. అప్పట్లో గోదావరి నీళ్లు సముద్రం పాలు, పక్కనే చేలు ఎండేవి. 1833 కరువులో గుంటూరు సీమ జనం తిండిలేక రాలిపోయారు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. రాళ్లు మోసింది మనలాంటి వేలాది కూలీలే, వారి పేర్లు మాత్రం మనకు తెలియవు.

ఆనకట్ట సంగతి అందరికీ తెలుసు. తర్వాతది కొందరికే తెలుసు. రిటైరై స్వదేశం వెళ్లిన దొర, డార్కింగ్ ఊళ్లోని తన తోటలో నేలను లోతుగా తవ్వించి గోధుమ వేసి చూశారు. కొద్ది నేలలో ఎక్కువ పంట తీయాలని ముసలితనంలోనూ ఆరాటపడ్డారు. 1899లో, 96వ ఏట కన్నుమూశారు.

ఆయనకు పెన్షనుంది, మనకు లేదు. నిజమే. కానీ గోదావరి సోదరులారా, ఆయన తెచ్చిన కాలువ నీళ్లు మన చేల గట్ల మీదే ఉన్నాయి.