ఒకే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టంపైకి సర్వర్ అప్లికేషన్ల తరలింపు: ప్రయోజనాలు, జాగ్రత్తలు

బిల్లింగు, జీతభత్యాలు, ఖాతాలు, వినియోగదారుల నమోదు వంటి అప్లికేషన్లు ఒకే సంస్థలో వేర్వేరు ఆపరేటింగ్ సిస్టంలపై నడుస్తుండడం సాధారణం. కొన్ని విండోస్ సర్వర్లపైన, మరికొన్ని ఏఐఎక్స్, సోలారిస్, హెచ్‌పీ-యూఎక్స్ వంటి యునిక్స్ రకాలపైన పనిచేస్తుంటాయి. ఒక్కొక్కదానికి వేర్వేరు లైసెన్సులు, నిర్వహణ ఒప్పందాలు, నిపుణులు అవసరమవుతారు. వీటన్నింటినీ లినక్స్ వంటి ఒకే ఓపెన్ సోర్స్ వ్యవస్థపైకి తరలించినట్లయితే నిర్వహణ సులభతరం కావడంతోపాటు ఒకే కంపెనీపై ఆధారపడవలసిన స్థితి తగ్గుతుంది.

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక విభాగం 2015 మార్చిలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విధానాన్ని ప్రకటించింది. దీని ప్రకారం ప్రతిపాదనలను ఆహ్వానించే పత్రాలలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే నిబంధన ఉండాలి. దానిని ప్రతిపాదించని సరఫరాదారు అందుకు కారణాన్ని తెలియజేయాలి. తగిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ లభించని పక్షంలో మినహాయింపునకు అవకాశం కల్పించారు.

తరలింపు అంటే కేవలం ఫైళ్లను నకలు చేయడం కాదు. విండోస్‌కే పరిమితమైన డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన అప్లికేషన్లను మార్చి రాయవలసి ఉంటుంది. 2016లో డాట్‌నెట్ కోర్, 2017లో ఎస్‌క్యూఎల్ సర్వర్ లినక్స్‌పై అందుబాటులోకి రావడంతో ఈ పని కొంత తేలికైంది. పాత యునిక్స్ యంత్రాలలో పలు రకాలు అంకెలలోని బైట్లను భద్రపరచే క్రమం నేటి ఇంటెల్ తరహా సర్వర్ల క్రమానికి భిన్నమైనది. అందువల్ల డేటాను తగిన రీతిలో మార్చి, పాత, కొత్త వ్యవస్థల లెక్కలను సరిపోల్చిన తరువాతనే పాతదానిని నిలిపివేయడం శ్రేయస్కరం.

లైసెన్సు రుసుము లేనంత మాత్రాన బాధ్యత తీరిపోదనడానికి సెంట్‌ఓఎస్ ఉదంతమే నిదర్శనం. రెడ్‌హ్యాట్ లినక్స్ సోర్స్ కోడ్ ఆధారంగా రూపొందిన ఈ ఉచిత వ్యవస్థను ప్రపంచవ్యాప్తంగా అనేక సంస్థలు వినియోగించాయి. దీని 8వ వెర్షన్‌కు 2029 వరకు సవరణలు అందగలవని తొలుత తెలిపినప్పటికీ, 2021 డిసెంబరు 31తోనే నిలిపివేయనున్నట్లు 2020 డిసెంబరులో ప్రకటించారు. పాతదైన 7వ వెర్షన్‌కు మాత్రం 2024 జూన్ 30 వరకు సవరణలు అందాయి. అనగా ముందుగా కొత్త వెర్షన్‌కు మారినవారికే గడువు ముందుగా ముగిసింది. సోర్స్ కోడ్ బహిరంగంగా లభించినందున 2021లోనే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ ప్రత్యామ్నాయాలుగా వెలువడి అటువంటివారికి మార్గం చూపాయి.

భద్రతా సవరణలు అందని సర్వర్‌లో ప్రజల వివరాలకు రక్షణ కొరవడుతుంది. కావున ఏ వ్యవస్థను ఎంచుకున్నప్పటికీ, సవరణలు అందే చివరి తేదీ, వాటిని అమర్చవలసిన బాధ్యుడు, గడువుకు ముందే తదుపరి వెర్షన్‌కు మారేందుకు కేటాయించిన నిధులు అనే మూడు అంశాలను ఒప్పందంలోనే స్పష్టంగా పొందుపరచడం అవసరం.