గుర్రమెక్కిన వాళ్లెవరు, గుర్రాన్ని తుడిచిన వాళ్లెవరు

"మీరు గుర్రాలెక్కి వచ్చినోళ్లు కదా!" విజయనగరంలో బడికెళ్లే రోజుల్లో మాకీ మాట కొత్త కాదు. చరిత్ర పాఠంలో తురకల దండయాత్రలు రాగానే తరగతంతా మావైపు తిరిగేది. మా ఇంటి ముందు గుర్రం ఉన్నమాట నిజమే. దాని వీపుమీద మా ఇంట్లో ఎవరూ ఎక్కగా మేం చూడలేదు. దాని వెనక జట్కా ఉండేది. రైలు స్టేషన్ నుంచి మూడులాంతర్ల దాకా దాదా పగ్గాలు పట్టుకుని ముందు పలకమీద కూచునేవాడు. ఊళ్లో మర్యాదస్తులు వెనక కూచునేవాళ్లు.

గుర్రమెక్కి వచ్చినవాళ్లు లేరా? ఉన్నారు. శ్రీకాకుళం జామియా మసీదుని 1641లో కట్టించిన షేర్ మహమ్మద్ ఖాన్ గోల్కొండ ఫౌజుదారు. బొబ్బిలి సంస్థానం మూలపురుషుడు ఆయన వెంట వచ్చినవాడేనని, తన పోషకుడి 'షేర్' పేరునే తెలుగు చేసి పెద్దపులి, పెబ్బులి, బొబ్బిలి అని ఊరికి పెట్టుకున్నాడని పాత గెజిటీర్లు చెప్తాయి. బొబ్బిలి పులి అని రొమ్ము విరుచుకునే వాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఆ కథలో మాకు మిగిల్చిన పాత్ర ఒక్కటే, బుస్సీ పక్కన నిలబడ్డ హైదర్ జంగు.

శ్రీకాకుళంలో ఫౌజుదారీ చేసిన అన్వరుద్దీన్ ఖాన్ 1740లలో ఆర్కాటు నవాబై వెళ్లిపోయాడు. 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారుల్ని సైన్యం జీతాలకింద ఫ్రెంచివాళ్లకి రాసిచ్చాడు. 1766లో నిజాం వాటిని ఇంగ్లీషు కంపెనీకి అప్పజెప్పాడు. ఎక్కినవాళ్లు ఎక్కి పోయారు. గడ్డి వేసినవాడు ఎక్కడికి పోతాడు? సంస్థానాల లాయాల్లో సాయిసు అయ్యాడు, నాల్‌బందు అయ్యాడు, చివరికి జట్కా తోలుకున్నాడు. వీళ్ల పేరు ఏ శాసనంలో ఉంది?

బొబ్బిలి కోట కూలింది 1757 జనవరి 24న. తర్వాతి ఏడాది విజయనగరం ఆనందరాజు ఇంగ్లీషువాళ్లతో కలిసి ఫ్రెంచివాళ్లని ఓడించిన చందుర్తి యుద్ధం డిసెంబరులో. రెండూ చలికాలమే. వానలు వెనకబట్టి, బురద ఆరి, పొలాల్లో మేత దొరికితేగాని దండు కదలదు. మంచుకురిసే దేశాల్లో గుర్రానికి శీతకాలం విశ్రాంతి. మా దగ్గర అప్పుడే దానికి చాకిరీ. జట్కాకీ అంతే. దసరా వెళ్లాక వచ్చే పైడితల్లి సిరిమానుతో మొదలై, కోతలు, సంక్రాంతి, పెళ్లిళ్లు. రోజంతా పరిగెత్తి చెమటతో నానిన గుర్రంమీద రాత్రి పొగమంచు పడుతుంది. చలి చంపదు దాన్ని, తడిమీద చలి చంపుతుంది. మా దాదాకి తెలిసిన విద్యంతా ఈ రెంటి మధ్యే ఉండేది.

ఇంటికి ఫర్లాంగు దూరం నుంచే గుర్రాన్ని నడక మీదికి దించేవాడు. బండి విప్పాక కట్టెయ్యడు. ఊపిరి నెమ్మదించేదాకా వీధిలో తిప్పుతాడు. తర్వాత గడ్డి చుట్టచేసి వీపు, రొమ్ము, తొడల సందులు ఆరేదాకా రుద్దుతాడు. మాకు కాళ్లు అప్పజెప్పేవాడు. డెక్కలో ఇరుక్కున్న బురద గీకి పొడిబట్టతో తుడవాలి. తడి నిలిస్తే డెక్క కుళ్లి కంపుకొడుతుంది. వొళ్లు పూర్తిగా ఆరాకే ఝూలు. మాకు మఖ్మల్ ఝూలు ఎక్కణ్ణించొస్తుంది, రెండు గోనెసంచులు విప్పి దాదీ కుట్టింది. తడి వొంటిమీద ఝూలు కప్పడం గుర్రానికి కఫన్ కప్పడమే అనేవాడు దాదా.

"పసీనా సూకే తక్ పానీ నక్కో," అనేవాడు. ఆరాక మాత్రం పొయ్యిమీద కాస్త వెచ్చజేసిన నీళ్లు, అదీ దాణాకి ముందు. చల్లటి నీళ్లయితే గుర్రం మూతిపెట్టి తీసేస్తుంది. ఆ రాత్రి ఎండుగడ్డి పేగుల్లో గట్టిపడి కుర్‌కురీ, అంటే కడుపుశూల, పట్టుకుంటుంది. గుర్రానికి వాంతి రాదు. లోపలికి పోయింది కిందికే పోవాలి. ఆ భయంతో దాదా పడుకోబోయేముందు లద్ది చూసొచ్చేవాడు.

దాణా అంటే మాకు ఉలవలు. రాత్రి నానబెట్టి పొద్దున ఉడికించి, బెల్లం ముక్క కలిపి తోబ్రాలో పోసి మూతికి కట్టడం. అక్బరు లాయాల్లోనూ శీతకాలంలో ఉడికించిన పప్పుధాన్యం పెట్టేవాళ్లని అయినె అక్బరీ చెప్తుంది. అక్కడ అదనంగా అర సేరు నెయ్యి. మా గుర్రానికి నెయ్యి లేదు, మాకూ లేదు. కానీ రాత్రిపూట ఇంకో మోపు గడ్డి ఎక్కువ పడేది. గింజకన్నా గడ్డే గుర్రానికి వెచ్చదనమని, అది పేగుల్లో పులుస్తూ వేడి పుట్టిస్తుందని ఇవాళ పశువైద్యులు చెప్తున్నారు. దాదా కారణం చెప్పలేదు, గడ్డి వేశాడు. ఒక తప్పు మాత్రం చేసేవాడు. చలిగాలి రాకుండా పాక నాలుగు వైపులా గోనెలు కట్టి లోపల వేపాకు పొగ వేసేవాడు. ఆ పొగకీ ఉచ్చ ఘాటుకీ గుర్రం దగ్గేది. పైన గాలి పోయే సందు ఉండాలని అప్పుడు మాకు తెలీదు.

ఈ మాటల్ని ఒకసారి వినండి. జీను, లగాం, సాయిసు అవతలి నుంచి వచ్చాయి. అరబ్బీ నాలు తెలుగు నోట్లో లాడం అయింది. లాయం, కళ్లెం, డెక్క ఇక్కడివి. గుర్రాల వైద్యుణ్ణి మావాళ్లు సాలోత్రి అనేవాళ్లు. అది శాలిహోత్రుడి పేరు. ఆయన పేరుమీదున్న సంస్కృత గ్రంథం షాజహాన్ కాలంలో పారశీకంలోకి వెళ్లింది. మనుమంచి భట్టు గుర్రాలమీద తెలుగులో హయలక్షణ విలాసమే రాశాడు. అరబ్బు వర్తకులు గుర్రాలు అమ్మి, వైద్యుల్ని మాత్రం రానిచ్చేవాళ్లు కాదని, చచ్చేకొద్దీ మళ్లీ అమ్ముకోవచ్చని వాళ్ల లెక్కని మార్కోపోలో దక్షిణ తీరం గురించి రాశాడు. ఆ లెక్క తప్పించింది పేరులేని సాయిసులే. ఇందులో ఏ ముక్క విదేశీదో విడదీసి చూపించమనండి.

ఒక చలికాలంలో మా గుర్రం పోయింది. పెద్దింటి పెళ్లి ఊరేగింపుకి పిలిచి, తెల్లారేదాకా మంచులో నిలబెట్టారు. ఝూలు తెచ్చుకుంటానంటే వెళ్లనివ్వలేదు. మూడోరోజుకి రొమ్ము పట్టేసింది, ఐదోరోజు పడిపోయింది. ఆ నాలుగు రోజులూ ఉలవలు అప్పిచ్చిన రైతు రోజూ వచ్చి కూచునేవాడు. "సాయిబూ, డబ్బులకేటి, కోతలయ్యాక సూసుకుందుం. ముందు దాన్ని నిలబెట్టు," అన్నాడు. నిలబడలేదు. ఆ బాకీ దాదా రెండేళ్లు తీర్చాడు, అద్దె జట్కా తోలి.

తర్వాత ఆటోలొచ్చాయి. మా వీధి నాల్‌బందు కొన్నాళ్లు ఎడ్లకి లాడాలు కొట్టాడు, ఆ పనీ తగ్గాక సైకిళ్లకి పంక్చర్లు వేశాడు. గోనె ఝూలుని దాదీ విప్పి, పాతచీరల మధ్య పెట్టి బొంత కుట్టింది. చలికాలం మేం నలుగురం దానికిందే పడుకునేవాళ్లం. ఎంత ఉతికినా గుర్రం వాసన పోలేదు.