రక్తకణముల రూపము – తల్లుల భోజనము

గర్భిణి పాలిపోయిన మొగముతో, నాలుగడుగులు వేసినంతనే ఆయాసపడుచున్నప్పుడు, “ఒట్టి మనిషి కాదుగదా, ఇది సహజమే” యని సరిపెట్టుకొనుట మన యిండ్లలో వాడుక. రక్తము తక్కువైన దని తెలిసినను, ఆ లోటు ఎట్టి దని విచారించువా రరుదు. రక్తహీనత యనునది ఒకే రోగము కాదు. అది దేనివలన కలిగినదో కనురెప్పలోని తెలుపు చెప్పజాలదు. రక్తకణముల రూపము చాలవఱకు చెప్పగలదు. ఈ సంగతి మన దేశపు పేదస్త్రీల విషయమున ఎట్లు తేటపడెనో వ్రాయబూనితిమి.

ఒక్క రక్తబిందువును గాజుపలకపై పలుచగా పఱచి, ఆఱనిచ్చి, లీష్మన్ అను వైద్యుడు 1901లో కనుగొనిన రంగు నద్ది సూక్ష్మదర్శినిలో చూచినచో, ఎఱ్ఱకణములు గుండ్రని బిళ్ళలవలె కానవచ్చును. ఇరువైపుల నడుమ పల్లముగా నుండుటచే మధ్యభాగము లేతగను, అంచు చిక్కగను తోచును. ఆ లేతభాగము కణపు వెడల్పులో ఇంచుమించు మూడవ వంతు. కణపు వెడల్పు సుమారు 7 మొదలు 8 మైక్రానులు. మైక్రా ననగా మిల్లీమీటరులో వేయవ వంతు. కొలబద్ద యు నా పలకమీదనే కలదు: చిన్న లింఫోసైటు అను తెల్లకణపు కేంద్రకము దాదాపు ఎఱ్ఱకణమంత యుండును. ఇనుము చాలనిచో ఎఱ్ఱకణములు చిన్నవై, నడిమి తెలుపు విరివియై, ఉంగరములవలె నగును. వేఱొక విధమగు రక్తహీనతలో అవి పెద్దవై గ్రుడ్డు ఆకారము దాల్చును. కొన్ని తెల్లకణముల కేంద్రకములు అయిదాఱు తమ్మెలుగా చీలియుండును. పఱచిన రక్తము మందముగా నున్నచోటను, చివరి కొనయందును కణములు చూపరిని మోసపుచ్చును. కావున అవి విడివిడిగా నున్నచోటనే తీర్పు చెప్పవలెను.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, హాఫ్కిన్ సంస్థలో నుండి, బట్టలమిల్లుల కూలిస్త్రీలకు గర్భసమయమున వచ్చు తీవ్రమైన రక్తహీనతను పరిశోధించెను. వారి రక్తమున పెద్దకణములే కనబడెను. పాశ్చాత్యదేశములలో పెర్నిషస్ అనీమియా అను వ్యాధియందును కణము లిట్లే యుండును. దానిని 1926లో మైనట్, మర్ఫీ అను వైద్యులు కాలేయము తినిపించి కుదిర్చియుండిరి. రూప మొక్కటే గనుక రోగము నొక్కటే యనుట సులభము. విల్స్ అట్లు తృప్తినొందక, ఆ స్త్రీల భోజన మెట్టిదని విచారించెను. తిండి మిక్కిలి హీనమైన వారియందే రోగము హెచ్చుగా నుండెను. ఈస్టు సారమగు మార్మైటు వారి రక్తమును బాగుచేయునని 1931లో ఆమె ప్రకటించెను. పేదల భోజనమువంటిది పెట్టి రోగము కలిగించిన కోతులయందును అట్టి ఫలితమే కనబడెను. పిమ్మట, పెర్నిషస్ అనీమియాను కుదుర్చు శుద్ధమైన కాలేయసారము వీరికి పనిచేయలేదనియు, శుద్ధిచేయని సారము పనిచేసెననియు తేలుటచే, రెండు రోగములును వేఱని స్థిరపడెను.

ఆ మఱుగుపడియున్న పదార్థమును 1941లో పాలకూరనుండి తీసి, ఆకు అను నర్థముగల లాటిను మాటనుబట్టి ఫోలిక్ ఆసిడ్ అని పేరిడిరి. 1945లో అమెరికాయందలి లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగా నిర్మించిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. పేగులు ఆహారసారమును గ్రహింపలేని స్ప్రూ అను వ్యాధిచే ఆయన సోదరు లిరువురు మరణించిరి. ఆ వ్యాధియందును ఈ పెద్దకణములే కానవచ్చును. దానికిని ఫోలిక్ ఆసిడ్ ఔషధ మయ్యెను.

పెర్నిషస్ అనీమియాలో కొఱవడునది 1948లో వేఱుపఱచిన బి12 విటమిను. ఆ లోటునకు ఫోలిక్ ఆసిడ్ మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడుచునే నరములు చెడుచుండును. కావున కణముల రూపము చూచి లోటు గలదని గ్రహించి, ఏది లోటో పరీక్షవలన నిశ్చయించి మందియ్యవలెను. రక్తము తక్కువని వినినంతనే ఏదో యొక టానిక్కు కొని తెచ్చుట వైద్యము కాదు.

ఇంటిల్లిపాదికిని వడ్డించి, మిగిలినది తినుటయే ఇల్లాలి ధర్మమని పొగడు ఆచారము మనలో నింకను పూర్తిగా నశింపలేదు. కూరగిన్నె అడుగంటిన పిమ్మట ఆమెకు మిగులునది అన్నమును మజ్జిగయు. ఆకుకూరలను మితిమీఱ నుడికించి ఆ నీటిని పాఱబోయుట మఱియొక నష్టము. నేడు ప్రభుత్వవైద్యశాలలలో గర్భిణుల కిచ్చుచున్న ఇనుము, ఫోలిక్ ఆసిడ్ మాత్రలు వేడిచేయునని మూలబడవేయు గృహములును కలవు. బొంబాయి కూలిస్త్రీల రక్తము దారిద్ర్యమును బయటపెట్టెను. కలిగిన యిండ్లలో ఇల్లాలి రక్తము పాలిపోయినచో అది దేనిని బయటపెట్టును? గర్భిణికి ముందుగా వడ్డింపుడు. ఆమె తిన్నదో లేదో పురుషులును కనిపెట్టి చూడుడు.