కళాశాలల్లో బధిర విద్యార్థులకు సంభాషణ సేవలు: జంషెడ్‌పూర్

వినికిడి లోపం ఉన్న విద్యార్థికి పాఠం అందేలా చేసే ఏర్పాట్లను సంభాషణ సేవలు అంటారు. సైగల భాష అనువాదకులు, మాట వెంటే తెరపై కనిపించే అక్షరాలు, నోట్సు రాసిపెట్టే సహాయకులు, అధ్యాపకుడి గొంతును నేరుగా వినికిడి యంత్రానికి చేర్చే మైకులు ఇందులోకి వస్తాయి. జంషెడ్‌పూర్ కళాశాలలకు ఈ బాధ్యత దేశ చట్టాల నుంచి వచ్చింది. ఆ చట్టాలు ముందు సీటు ఇచ్చాయి, పాఠం అందే దారి గురించి ఇరవై ఏళ్ల తర్వాత మాట్లాడాయి.

బధిరుల పాఠశాలలు మన దేశంలో పాతవే: బొంబాయిలో 1885లో, కలకత్తాలో 1893లో మొదలయ్యాయి. అయితే 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ సైగలను తరగతి నుంచి తప్పించాలని తీర్మానించిన కాలమది. పెదవులు చదవడమే చదువుగా చాలాకాలం సాగింది. పెదవులపై కనిపించేది కొంతే. పాట, బాట, మాట మూడూ ఒకేలా ఉంటాయి. అధ్యాపకుడు బోర్డు వైపు తిరిగితే ఆ కొంతా పోతుంది.

1995 వికలాంగుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు కేటాయించింది. అంధ విద్యార్థులకు రాతగాళ్లను ఇవ్వమంది. బధిరులకు ఒక్క భాషే చదివే వెసులుబాటు కోరింది కానీ, తరగతిలో అనువాదకుడి ఊసెత్తలేదు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, కళాశాలలో ఇంగ్లీషు ఉండే జంషెడ్‌పూర్ తెలుగు కుటుంబాల పిల్లలకు ఆ వెసులుబాటు ఎంత చిన్నదో చెప్పనక్కర్లేదు.

భారత్ 2007లో ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. దాని ఫలమే 2016 చట్టం. ఉన్నత విద్యలో కోటా 5 శాతానికి పెరిగింది. అంతకన్నా విలువైన మార్పు వేరే ఉంది: సంభాషణ అంటే సైగల భాష, తెరపై అక్షరాలు కూడా అని చట్టమే నిర్వచించింది. బధిరులకు తగిన భాషలో, తగిన పద్ధతిలో బోధన సాగేలా చూడాలని ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న సంస్థలన్నింటినీ ఆదేశించింది. 1960లో ఆదిత్యపూర్‌లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన నేటి ఎన్ఐటీ, 2009లో ఏర్పడిన కొల్హాన్ విశ్వవిద్యాలయం ఈ పరిధిలోనివే.

చట్టం సరే, మనుషులు కావాలి. ముంబైలో 1983లో నెలకొల్పిన అలీ యావర్ జంగ్ సంస్థ వినికిడి లోపాల రంగంలో పెద్దది. ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరే దానికి పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రాలు కోల్‌కతాలోనూ సికింద్రాబాద్‌లోనూ ఉన్నాయి. ఢిల్లీలో 2015లో వచ్చిన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాల నిఘంటువును తెచ్చి, 2021కి దాన్ని 10,000కు పెంచింది. ఇంజనీరింగ్, వాణిజ్య పాఠాలకు సైగలు లేనిచోట అనువాదకుడు ప్రతి మాటనూ వేళ్లతో అక్షరం అక్షరం చూపాల్సి వస్తుంది. ఆలోగా పాఠం ముందుకు వెళ్లిపోతుంది.

అనువాదకుడి చేతుల మీదినుంచి చూపు తిప్పితే వాక్యం పోతుంది గనక నోట్సు మరొకరు రాయాలి. పొడవైన తరగతికి ఇద్దరు అనువాదకులు వంతులు మార్చుకోవాలి, అలసిన మనసు తప్పులు చేస్తుంది. హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్పే పాఠంలో యంత్రం రాసే అక్షరాలు తడబడతాయి, వాటిని సరిదిద్దే మనిషి ఉండాలి. రాత పరీక్షల్లో అదనపు సమయం ఇవ్వమని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. వైవాలోనూ సెమినార్‌లోనూ సమయం ఎంత ఇచ్చినా అడిగిన ప్రశ్న అర్థం కావాలంటే అనువాదకుడే ఎదురుగా నిలబడాలి.