గడి ముందట విడిచిన చెప్పు, తుమ్మముల్లు దిగిన చెప్పు

మొన్న మా చిన్నాయిన కాలి కట్టు విప్పుతుంటే దగ్గర కూర్చున్న. అప్పటి నుంచి ఒకటే ఆలోచన, మన కాళ్లకు చెప్పులు ఎట్ల వచ్చినయి, వచ్చినంక ఏమైంది అని.

మన తాతల కాలంల దొర గడి ముందట నుంచి పోవాలంటే చెప్పులిడిచి చేత పట్టుకోవాలె. చెప్పులు కుట్టే మాదిగలైతే దొరలకు చెప్పులు, మోటలకు తోలు సామాన్లు వెట్టికి ఇయ్యాలె. కుట్టినోళ్ల కాళ్లు మాత్రం ఒట్టియే. 1946 జులై 4న మన దిక్కే కడవెండిల దొడ్డి కొమురయ్య ప్రాణమిచ్చిండు. ఆ పోరాటం అంటే భూమి, వెట్టి అనే చెప్పుకుంటం. చెప్పులేసుకొని బజార్ల నడిచే ధైర్యం కూడ దాంతోనే వచ్చింది.

అప్పటిది తోలు చెప్పు. బర్రెతోలును లందల నానేసి, తంగేడు చెక్కతోని శుద్ధి చేసేటోళ్లు. కొత్తల కరిచేది, ఆముదం రాస్తే మెత్తవడేది. కొన్నాళ్లకు మన అడుగు అచ్చు దాంట్ల పడేది. బరువే, వానకు నానితే పాడయ్యేది, కానీ ముల్లు అంత తొందరగ దిగేది కాదు.

తర్వాత రబ్బరు హవాయి చెప్పులొచ్చినయి. అగ్గువ, బురదైతే కడుక్కుంటే అయిపాయె. నేను తప్పు పడ్తలేను, ఒట్టి కాళ్ల మీద నడిచినోళ్లకు అదే మహాభాగ్యం. కానీ వెనుక పట్టీ లేదు. జారకుండ అడుగడుగుకు వేళ్లతో బిగవట్టాలె. మనమేమో మడమ కాడ కాయితమంత పల్చగ అరిగినా పిన్నీసు పెట్టి తొడుగుతం.

చిన్నాయినకు అట్లనే సర్కారు తుమ్మముల్లు చెప్పులకెళ్లి దిగింది. షుగర్ పదేండ్ల సంది ఉన్నది, నొప్పే తెల్వలేదు. వాసనొచ్చినంక చూస్తే చిటికెనవేలు నల్లవడ్డది. తీసేసిండ్రు.

ఈ సంగతి కొత్తది కాదు. 1946ల వేలూరు వచ్చిన పాల్ బ్రాండ్ అనే డాక్టరు కుష్టు రోగుల కాళ్లు చూసి కనిపెట్టిండు, స్పర్శ పోయి దెబ్బ తెల్వకనే పుండ్లు పడుతున్నయని. అందుకే వాళ్లకు మెత్తటి రబ్బరు చెప్పులు చేయించిండ్రు. ఎంసీఆర్ చెప్పులంటే అవే. షుగరోళ్లకూ అవే చెప్తరు, వెనుక పట్టీ ఉన్నయి.

చిన్నాయిన కూడ కొన్నడు. కానీ నాటు మడిల ఏ చెప్పు నిలుస్తది? పుండు మానేదాక బురదల దిగొద్దన్నరు, ఒడ్డు మీదనే కూర్చుంటుండు. పొద్దుగూకినంక మా చిన్నమ్మ లైటు పట్టి రెండు అరికాళ్లు చూస్తది, ఆయన సిగ్గుపడి ముడుచుకుంటడు.