లూసిన్యాన్ కోట, మెల్యుసీన్ కథ

పశ్చిమ ఫ్రాన్స్‌లోని లూసిన్యాన్ కోటను కట్టించింది మెల్యుసీన్ అనే మాయాస్త్రీ అని అక్కడి వంశగాథ. బెర్రీ ప్రభువు జాన్ 1374లో ఆ కోటను ఇంగ్లీషువారి నుంచి గెలుచుకున్నాడు. ఆయన కోసమే జాన్ దారాస్ సుమారు 1393లో ఆ గాథను గ్రంథస్థం చేశాడు.

శనివారం తనను చూడకూడదన్న షరతు మీద ఆమె రేమోందిన్‌ను పెళ్లాడింది, పదిమంది కొడుకులను కన్నది. అనుమానం పుట్టిన భర్త కత్తిమొనతో తలుపుకు కన్నం పెట్టి చూశాడు. తొట్టిలో స్నానం చేస్తున్న భార్యకు నడుము కింద పాము తోక! ఆమె క్షమించింది. తర్వాత అతడు నలుగురిలో ‘పాము’ అని తిట్టడంతో డ్రాగన్‌గా మారి ఎగిరిపోయింది. రాత్రివేళ చంటిబిడ్డలకు పాలివ్వడానికి మాత్రం వచ్చేదట. కథకు ప్రాణం ఈ ఘట్టమే.

మెల్యుసీన్ సంతతిగా చెప్పుకున్న లూసిన్యాన్ వంశీయులు నిజంగానే 1192 నుంచి దాదాపు మూడు శతాబ్దాలు సైప్రస్‌ను ఏలారు. అంతటి వంశానికి మానవాతీత మూలం గొప్పగానే అనిపించి ఉండాలి. బెర్రీ ప్రభువు ప్రార్థనా గ్రంథంలో మార్చి నెల చిత్రంలో, రైతు పొలం దున్నుతుండగా, లూసిన్యాన్ కోట బురుజుపై బంగారు డ్రాగన్ ఎగురుతూ కనిపిస్తుంది. మతయుద్ధాల కాలంలో, 1574–75 ముట్టడి తర్వాత కోటను పడగొట్టారు. ఆ ప్రార్థనా గ్రంథం మాత్రం ఇప్పుడు షాంతియీ మ్యూజియంలో ఉంది.